అమెరికా రాజ్యాంగమున వ్రాయబడని మాట

(రాజ్యాంగ దినమున మన సంఘ సభ్యుల యెదుట చేసిన ఉపన్యాసము)



రాజ్యాంగ దినము నాడు నాలుగు మాటలు చెప్పుమని మన కార్యదర్శిగారు నన్ను కోరినప్పుడు, మన రాజ్యాంగమును గూర్చి చెప్పుటకు నాకంటె యోగ్యులు ఈ సభలోనే పదిమంది కలరని విన్నవించితిని. వారు విడువలేదు. "అయినచో ఇంకొకరి రాజ్యాంగమును గూర్చి చెప్పెదను" అంటిని. వారు నవ్వి ఒప్పుకొనిరి. నేను న్యాయవాదిని కాను. కళాశాలలో చరిత్ర చదివి, ఇరువది యేండ్లుగా ఫైళ్లపై నోట్లు వ్రాయుచున్నవాడను. కనుక ఒకరి ముసాయిదాను ఇంకొక ముసాయిదాకారుడు చదివినట్లు ఈ విషయమును చూచితినే కాని, పండితుడు చూచినట్లు కాదు. ఆ లోపమును మన్నింపుడు.

ఈ విషయము నా తలలో పడుటకు కారణము నా మేనకోడలు. మనలో పలువురి బిడ్డలవలెనే ఆమెయు అమెరికాలో పుట్టి పెరుగుచున్నది. పోయిన వేసవిలో ఢిల్లీ వచ్చినప్పుడు, ఒకనాటి రాత్రి భోజనముల వేళ, "మామయ్యా, మా రాజ్యాంగము వ్రాసినవారు బానిసలను మనిషిలో అయిదింట మూడు వంతులని లెక్క కట్టినారట. పూర్తి మనిషిగా ఎందుకు లెక్కింపలేదు?" అని అడిగెను. నేను వెంటనే, "పూర్తి మనిషిగా లెక్కించియుండినచో వారికి ఇంకను ఎక్కువ అన్యాయము జరిగియుండును తల్లీ" అంటిని. పిల్ల నావైపు అనుమానముగా చూచెను. మా అక్కయ్య, "ఆఫీసు తెలివి దానికి నేర్పకురా" అని నన్నే మందలించెను. ఆనాడు పూర్తిగా చెప్పలేకపోయిన సమాధానమును నేడు మీకు చెప్పుచున్నాను.

1787వ సంవత్సరము మే 25వ తేదీ మొదలు సెప్టెంబరు 17వ తేదీ వరకు ఫిలడెల్ఫియా నగరమున ఆ సభ జరిగినది. పదుమూడు రాష్ట్రములలో రోడ్ ఐలండ్ ఎవరిని పంపలేదు. తక్కిన పండ్రెండు రాష్ట్రముల నుండి 55 మంది ప్రతినిధులు వచ్చిరి. వారిలో సుమారు 25 మంది బానిసల యజమానులు. అధ్యక్షపీఠమున జార్జ్ వాషింగ్టన్. ఆయన వెంట విలియం లీ అను బానిస సేవకుడును వచ్చియుండెను. వేసవి యెండలలో కిటికీలు మూసికొని, లోపలి మాట వెలుపలికి పొక్కరాదని కట్టుబాటు చేసికొని వారు కూర్చుండిరి. జేమ్స్ మేడిసన్ ప్రతిదినము వ్రాసికొనిన వివరములే లేకుండినచో మనకు తెలియునది బహు స్వల్పము. అవియును ఆయన గతించిన పిమ్మట 1840లో గాని అచ్చు కాలేదు.

ప్రతినిధుల సభలో ఒక్కొక్క రాష్ట్రమునకు జనసంఖ్యనుబట్టి స్థానములు ఉండవలెనని నిశ్చయమైనది. జనసంఖ్య యన్నచో ఎవరెవరి సంఖ్య? అక్కడనే చిక్కు వచ్చినది. బానిసకు ఓటు లేదు, ఆస్తి లేదు, తన బిడ్డపైననైనను హక్కు లేదు. అయినను అతనిని లెక్కలో చేర్చుకొనవలెనని పట్టుపట్టినవారు అతని యజమానులే. పూర్తి మనిషిగా లెక్కింపుడని అడిగినవారును వారే. ఇందులో ఒక వింత కలదు. నాలుగేండ్ల ముందు, 1783లో, రాష్ట్రములపై ఖర్చుల భారమును జనసంఖ్యనుబట్టి పంచవలెనని ఆలోచన వచ్చినప్పుడు, ఈ దక్షిణ రాష్ట్రములవారే బానిసలను తక్కువగా లెక్కింపవలెనని వాదించిరి. డబ్బు కట్టవలసినప్పుడు బానిస సగము మనిషి. సీట్లు వచ్చునప్పుడు నిండు మనిషి. ఆనాడు బేరమాడి కుదుర్చుకొనిన అయిదింట మూడు వంతులనే 1787 జూన్ 11వ తేదీన పెన్సిల్వేనియా ప్రతినిధి జేమ్స్ విల్సన్ సభ ముందుంచెను. ప్రాతినిధ్యముతోపాటు ప్రత్యక్ష పన్నులకును ఇదే లెక్క యని ముడిపెట్టి జూలైలో ఒప్పుకొనిరి. ప్రత్యక్ష పన్ను మాత్రము అటుపిమ్మట అరుదుగా వేయబడినది. స్థానములు మాత్రము ప్రతి యెన్నికకును వచ్చినవి.

ఈ లెక్క ఎట్లు పనిచేసినదో ఒక్క ఉదాహరణము చాలును. 1790 జనాభా లెక్కలలో వర్జీనియాలో స్వతంత్రులు 4,54,983 మంది, బానిసలు 2,92,627 మంది. పెన్సిల్వేనియాలో స్వతంత్రులు 4,30,636 మంది, బానిసలు 3,737 మంది. స్వతంత్రుల సంఖ్యలో ఈ రెండు రాష్ట్రములకు పెద్ద భేదము లేదని మీరు గమనింపవలెను. 1792 నాటి చట్టము 33,000 మందికి ఒక స్థానము చొప్పున, శేషమును విడిచి పంచినది. స్వతంత్రులను మాత్రమే లెక్కించినచో వర్జీనియాకు 13, పెన్సిల్వేనియాకు 13. అయిదింట మూడు వంతుల సూత్రము వలన వర్జీనియాకు వచ్చినవి 19; పెన్సిల్వేనియాకు 13 మాత్రమే. నా మేనకోడలు కోరినట్లు బానిసలను నిండు మనుష్యులుగా లెక్కించియుండినచో వర్జీనియాకు 22 వచ్చియుండును. ఆ అదనపు స్థానములలో కూర్చుండువాడు ఎవడు? బానిస కాడు. బానిసను కొరడాతో కొట్టు హక్కు కలవాడు. ఎంత ఎక్కువమందిని బంధించి యుంచినచో అంత బలము. అధ్యక్షుని ఎన్నుకొను ఓట్లును ఈ స్థానముల లెక్కనుబట్టియే ఏర్పడినవి. అందువలన మొదటి 36 సంవత్సరములలో 32 సంవత్సరములు వర్జీనియా నుండి వచ్చిన బానిస యజమానులే అమెరికా అధ్యక్షులుగ నుండుట కేవలము యాదృచ్ఛికమని నేననుకొనను. అన్యాయము మూడు వంతులు అనుటలో లేదు. సున్న కాకపోవుటలో ఉన్నది.

ఈ మాట ఆ సభలోనే ఒకరు నిర్మొగమాటముగా అనిరి. ఆయన పేరు గవర్నర్ మోరిస్. గవర్నరనునది పదవి కాదు, తల్లిదండ్రులు పెట్టిన పేరే. ఆగస్టు 8వ తేదీన ఆయన లేచి, బానిసలు మనుష్యులా, ఆస్తియా అని అడిగెను. మనుష్యులైనచో వారిని పౌరులను చేసి ఓటిండు. ఆస్తియైనచో తక్కిన ఆస్తులను ఎందుకు లెక్కింపరు, ఈ ఫిలడెల్ఫియా ఇండ్లు దక్షిణ కెరొలైనా వరిమళ్లలోని బానిసలందరికంటె విలువైనవి కదా అని వాదించెను. సమాధానము చెప్పగలిగినవారు లేరు. ఓట్లు మాత్రము ఆయనకు వ్యతిరేకముగా పడినవి.

ఇక ఆగస్టు మూడవ వారమునకు వత్తము. నా దృష్టిలో ఆ సభ చరిత్రలో అసలైన ఘట్టమిదియే. అయిదింట మూడు వంతుల సంగతిని నేను కొంతవరకు మన్నింపగలను. అది ఉన్న చెడుగును కొలిచినది. ఆగస్టులో జరిగినది వేరు. ఆఫ్రికా నుండి ఇంకను మనుష్యులను తెచ్చి అమ్ముకొనవచ్చునా అనునది ప్రశ్న. ముసాయిదా తయారుచేసిన ఉపసంఘమునకు దక్షిణ కెరొలైనాకు చెందిన జాన్ రట్లెడ్జ్ అధ్యక్షుడు. ఆ దిగుమతిని నిషేధించుటకు గాని, దానిపై పన్ను వేయుటకు గాని కేంద్ర శాసనసభకు ఎన్నడును అధికారము ఉండరాదని ఆ ముసాయిదా చెప్పినది. ముసాయిదా ఎవరి చేతిలో నుండునో వారిదే సగము గెలుపని మన సెక్రటేరియట్ మిత్రులకు నేను చెప్పనక్కరలేదు.

ఆగస్టు 21, 22 తేదీలలో చర్చ వేడెక్కెను. మేరీలాండు ప్రతినిధి లూథర్ మార్టిన్ దిగుమతిని అరికట్టు అధికారముండవలెననెను. మతమునకును మానవత్వమునకును ఇందులో పనిలేదు, దేశములను నడుపునది స్వప్రయోజనమొక్కటే అని రట్లెడ్జ్ బదులు చెప్పెను. వర్జీనియాకు చెందిన జార్జ్ మేసన్ ఈ వర్తకమును ఘోరమైనదిగా వర్ణించి, ప్రతి బానిస యజమానియు పుట్టుకతోనే చిన్న నిరంకుశుడగునని, జాతి పాపమునకు దైవము జాతినే శిక్షించునని హెచ్చరించెను. మహత్తరమైన ప్రసంగమే. కాని ఆ మేసన్ ఎందరో బానిసలకు యజమాని. వర్జీనియాలో బానిసలు కావలసినంతమంది పుట్టుచున్నారు, దిగుమతి ఆగినచో వారి ధర పెరుగును, అందుకే వర్జీనియావారికి ఇంత ధర్మచింత అని దక్షిణ కెరొలైనాకు చెందిన చార్లెస్ కోట్స్‌వర్త్ పింక్నీ దెప్పిపొడిచెను. కనెక్టికట్ ప్రతినిధి ఎల్స్‌వర్త్, నీతినిబట్టి మాటలాడదలచినచో ఉన్న బానిసలను కూడ విడుదల చేయవలెను కదా అని ఎత్తిపొడిచెను. ఎవరి మాటలోను నిజము లేకపోలేదు, ఎవరి చేతులును శుభ్రముగా లేవు.

అప్పుడు కుదిరిన బేరమేమి? ఉత్తరాన మసాచుసెట్స్ మొదలగు రాష్ట్రములవారికి ఓడలున్నవి. నౌకావ్యాపారమునకు సంబంధించిన చట్టములు మూడింట రెండు వంతుల ఓటుతో కాక, సామాన్యమైన ఆధిక్యముతోనే నెగ్గవలెనని వారి కోరిక. దక్షిణపు కొన యందలి కెరొలైనా, జార్జియా రాష్ట్రములవారికి బానిసల దిగుమతి కావలెను. ఒకరి కోరిక ఒకరు తీర్చిరి. దిగుమతిని 1800 వరకు ఆపరాదని ఉపసంఘము చెప్పగా, ఆగస్టు 25వ తేదీన పింక్నీ లేచి, 1808 వరకు అనెను. ఆ ప్రతిపాదనను బలపరచినది ఎవరనుకొన్నారు? మసాచుసెట్స్ ప్రతినిధి గోరమ్! ఇరువది సంవత్సరములలో జరుగగల కీడంతయు జరుగునని మేడిసన్ వాపోయెను. ఏడు రాష్ట్రములు ఔననినవి, నాలుగు కాదనినవి. కాదన్నవానిలో వర్జీనియా ఒకటి. ఔనన్నవానిలో మసాచుసెట్స్, న్యూ హాంప్‌షైర్, కనెక్టికట్ కలవు. ఆగస్టు 29వ తేదీన ఓడల ఖండికయు వారు కోరినట్లే మారినది.

కెరొలైనా, జార్జియాలు విడిపోవునను భయము వలననే ఇట్లు చేయవలసి వచ్చినదని పెద్దలు కొందరందురు. విడిపోయిన మాత్రమున అక్కడి బానిసలకు విముక్తి కలుగదనుటయు నిజమే. కాని జార్జియా ఆనాడు ఎంత బలహీనమైన రాష్ట్రము! సరిహద్దున క్రీక్ జాతివారితో తగవులు, కాపాడుటకు తనకంటూ సైన్యము లేదు. సమాఖ్య జార్జియాకు ఎంత అవసరమో, జార్జియా సమాఖ్యకు అంత అవసరము కాదు. బెదిరించినవారి బెదిరింపును పరీక్షించి చూచినవారు ఆ సభలో లేకపోవుటయే నాకు విచారము. వెలగట్టక ముందే వెల చెల్లించిరి.

ఇప్పుడు మాటల సంగతికి వత్తము. ఆ ఆగస్టు 25వ తేదీననే మోరిస్ ఒక సవరణ తెచ్చెను. దిగుమతి ఖండికలో "బానిసలు" అని స్పష్టముగ వ్రాయుడు, ఉత్తర కెరొలైనా, దక్షిణ కెరొలైనా, జార్జియాల పేర్లును వ్రాయుడు, ఎవరికొరకు ఈ నిబంధన చేయుచున్నామో లోకమునకు తెలియనిండు అనెను. వెంటనే సభకు కష్టము కలిగినది. మేసన్ "బానిస" అను మాటకు అభ్యంతరము లేదు గాని రాష్ట్రముల పేర్లు వ్రాసినచో వారు నొచ్చుకొందురనెను. కనెక్టికట్‌కు చెందిన రోజర్ షెర్మన్, ఆ మాట కొందరికి రుచింపదు గనుక వర్ణనతోనే సరిపుచ్చుదమనెను. మోరిస్ తన సవరణను ఉపసంహరించుకొనెను. మనుష్యులు ఆస్తి కాగలరను భావమును రాజ్యాంగములో చేర్చుట తప్పని మేడిసన్ అనెను. మాట చేరలేదు. ఆ ఖండికలోనే, తెచ్చిన ప్రతి "వ్యక్తి"పై పది డాలర్లకు మించని పన్ను వేయవచ్చునని మాత్రము చేరినది!

ఆ రాజ్యాంగమును మొదటినుండి చివరివరకు చదువుడు. "బానిస" యను మాట కనబడదు. స్థానముల లెక్కలో "ఇతర వ్యక్తులందరు" అని ఉండును. దిగుమతి ఖండికలో, రాష్ట్రములు చేర్చుకొనదలచు "అట్టి వ్యక్తులు" అని ఉండును. పారిపోయినవారిని పట్టి యొప్పగింపవలెనను ఖండికలో "సేవకు గాని శ్రమకు గాని బద్ధులైనవారు" అని ఉండును. సెప్టెంబరు 13వ తేదీన, స్వతంత్రులైన పనివారిని గూర్చిన చోట "దాస్యము" అను అర్థమిచ్చు పదమును కొట్టివేసి "సేవ" అని మార్చిరి; మొదటిది బానిసలకే చెల్లునట. సెప్టెంబరు 15వ తేదీన, పారిపోయినవారి ఖండికలో "చట్టప్రకారము" బద్ధులైనవారు అను మాటను తీసివేసి, "ఆ రాష్ట్ర చట్టముల క్రింద" అని మార్చిరి. చట్టప్రకారము అన్నచో అది ధర్మమే యని ఎవరైనను అనుకొందురేమో యని భయము. రాజీనామా వ్రాయుచు సెలవు దినములు లెక్కవేయు గుమాస్తావలె, ఎంత జాగ్రత్త! పారిపోయిన మనిషిని పట్టితెచ్చుటలో మాత్రము ఏ జాగ్రత్తయు లోపింపలేదు. ఆ ఖండిక ఒక్కరును కాదనకుండ నెగ్గినది.

ఈ పుటలు చదువుచుండగా నాకు నా ఫైలొకటి జ్ఞప్తికి వచ్చినది. పదునాలుగేండ్ల క్రిందట నేను వేరొక కార్యాలయమున ఉంటిని. ఒక ఊరిలో ఇద్దరు కూలీలు మురుగు గొట్టములోనికి దిగి ఊపిరాడక చనిపోయిరి. ఆ విషయమై వచ్చిన ప్రశ్నకు జవాబు ముసాయిదా నేను వ్రాసితిని. మనుష్యులను దింపి మలమును ఎత్తించుట యని అందులో ఉన్నదున్నట్లు ఉండెను. ఫైలు పైకి పోయి తిరిగి వచ్చునప్పటికి అది "పారిశుద్ధ్య నిర్వహణ పని" అయినది. చావు "దురదృష్టకర సంఘటన" అయినది. అబద్ధమొక్కటియు లేదు. మనుష్యులు మాత్రము లేరు. నేను మారుమాటాడక శుద్ధప్రతి తీయించి పంపితిని. ఆ రాత్రి నాకు నిద్ర చక్కగానే పట్టినది. ఇప్పుడు నన్ను బాధించుచున్నది ఆ నిద్రయే. మోరిస్ తన సవరణను ఉపసంహరించుకొనిన వాక్యమును చదివినప్పుడు, నేనాయనను నిందింపలేకపోతిని.

తరువాతి కథ మీకు తెలిసినదే, వేగముగ చెప్పెదను. దక్షిణ కెరొలైనా 1803 చివర బానిసల దిగుమతికి మరల తలుపులు తెరచి, గడువు ముగియులోపల దాదాపు 40,000 మందిని చార్లెస్టన్ రేవున దింపుకొన్నది. 1808 జనవరి 1 నుండి దిగుమతి చట్టవిరుద్ధమైనను, లోపలి క్రయవిక్రయములు ఆగలేదు. 1793లో పారిపోయినవారిని పట్టుకొను చట్టముపై వాషింగ్టన్ సంతకము చేసెను. 1796లో ఆయన ఇంటినుండియే, అదియును రాజ్యాంగము పుట్టిన ఫిలడెల్ఫియా నుండియే, ఓనా జడ్జ్ అను యువతి పారిపోయి న్యూ హాంప్‌షైర్ చేరినది. ఆయన మనుష్యులను పంపెను. ఆమె తిరిగి రాలేదు. 1848లో మరణించువరకు చట్టము దృష్టిలో ఆమె బానిసయే. 1790లో దేశపు మొత్తము జనసంఖ్య 39 లక్షల 29 వేలు. 1860లో ఒక్క బానిసల సంఖ్యయే 39 లక్షల 53 వేలు. ఆ ముడి విప్పుటకు జరిగిన అంతర్యుద్ధములో 6 లక్షలకు పైగా మరణించిరి.

అయితే, వ్రాయని మాటకు ఒక చిత్రమైన ఫలితము కూడ కలిగినది. బానిసత్వ వ్యతిరేకులలోనే రెండు పక్షములు ఏర్పడినవి. విలియం లాయడ్ గారిసన్ ఈ రాజ్యాంగము బానిస యజమానులతో చేసికొనిన పాపపు ఒడంబడిక యని, 1854 జూలై 4వ తేదీన దాని ప్రతిని బహిరంగముగా తగులబెట్టెను. మేరీలాండులో బానిసగా పుట్టి 1838లో పారిపోయి వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ మొదట గారిసన్ శిష్యుడే. తరువాత మనస్సు మార్చుకొనెను. ఇందులో బానిస యను మాట లేదు, మనిషి ఆస్తి యను మాట లేదు. లేని దానిని ఎవరో మనస్సులో ఉంచుకొన్నారని మనమెందుకు ఒప్పుకొనవలెను, వ్రాసినదానినే చదువుదము అని వాదించెను. సిగ్గుచేత దాచిన మాట, దాచినవారిపైననే సాక్ష్యమైనది. చరిత్రకారుడుగా గారిసన్ చెప్పినదే నిజమని నా అభిప్రాయము. అయినను బానిసగా దెబ్బలు తిన్నవాడు ఆ కాగితములో ఒక సందు చూచి, అందులోనుండి దారి చేసికొనిన తెలివికి నమస్కరింపకుండ ఉండలేను. 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో సుప్రీం కోర్టు ఆ దారిని మూసివేసినది. యుద్ధము మరల తెరచినది.

చివరకు 1865 డిసెంబరులో పదుమూడవ సవరణ అమలునకు వచ్చినది. అమెరికా రాజ్యాంగములో బానిసత్వమను మాట మొట్టమొదట కనబడినది ఆ సవరణలోనే, దానిని రద్దుచేయు వాక్యములోనే. అందులోను నేరమునకు శిక్షగా తప్ప అని ఒక మినహాయింపు మిగిలినది. దానితో దక్షిణమున ఖైదీలను కూలికి అమ్ముకొనిన కథ వేరొక ఉపన్యాసమునకు చాలును.

మన సభవారు కూడ రాజీలు చేసికొనలేదని నేననను. కాని వారు కూర్చుండిన గదిలో ముసాయిదా సంఘాధ్యక్షుడు అంబేద్కర్. నెల్లూరు జిల్లా పుదూరున పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఆ సంఘమున సభ్యులు. ఫిలడెల్ఫియాలో ఎవరిని గూర్చి మాటలాడిరో వారిలో ఒక్కరైనను ఆ బల్లవద్ద లేరు. 1948 నవంబరు 29వ తేదీన మన సభ ఆమోదించిన, నేటి 17వ అధికరణము అస్పృశ్యత యను మాటను తప్పించుకొనలేదు, పేరుపెట్టి రద్దుచేసినది. 23వ అధికరణము మనుష్యుల క్రయవిక్రయములను నిషేధించుచు, వెట్టికి ఇంగ్లీషులో సరియైన మాట దొరకక కాబోలు, మన "బేగార్" అను మాటనే ఇంగ్లీషు పాఠములో ఉంచినది. వెట్టిచాకిరి యన్నది ఏమో తెలంగాణ నుండి వచ్చిన మన పెద్దలనడిగినచో నాకంటె బాగుగ చెప్పుదురు. ఆ మాటలు వ్రాసిన డెబ్బది యేండ్లకు పిమ్మటను మురుగు గొట్టములలో మనుష్యులు చనిపోవుచునే యున్నారు, వారిని గూర్చి నోట్లు వ్రాయువారము మనమే.

మా మేనకోడలికి వర్జీనియా, పెన్సిల్వేనియాల లెక్కను ఒక కాగితముపై వేసి పంపితిని. "13, 19, 22" అని మూడు అంకెలను గుండ్రముగ చుట్టి, బడిలో ఉపాధ్యాయురాలికి చూపించితినని ఆమె ఫోనులో చెప్పినది. "మరి వాళ్లు బానిస అని ఎందుకు వ్రాయలేదు మామయ్యా?" అని రెండవ ప్రశ్న వేసినది. దానికి జవాబుగా పై పుటలు వ్రాసికొంటిని.